జార్జి సైమన్ ఓమ్: జీవితం, కృషి

పరిచయం

మీ ఇంట్లో టార్చిలైటు ఉండే ఉంటుంది. సెల్లు పాతబడితే బల్బు ఎర్రగా, మినుకు మినుకుమంటూ వెలుగుతుంది. అప్పుడు సెల్లును బయటికి తీసి, కాసేపు ఎండలో పెట్టి మళ్ళీ వేసి చూసిన అనుభవం మీలో చాలామందికి ఉంటుంది. ఆ పాత సెల్లునే రేడియో బాగుచేసే వారి దగ్గరకు తీసుకువెళ్ళి, మీటరు పెట్టి చూడమనండి. మీటరు 1.4 వోల్టులు చూపవచ్చు. కొత్త సెల్లు చూపేది ఇంచుమించు 1.5 వోల్టులే. తేడా ఇంత తక్కువగా ఉన్నప్పుడు బల్బు ఎందుకు వెలగడం లేదు? మీటరు తప్పు చెబుతోందా?

మీటరు తప్పు చెప్పడం లేదు. సెల్లు ఇవ్వగలిగినదీ, బల్బుకు నిజంగా అందేదీ ఒకటి కావు. మొదటిదాన్ని విద్యుచ్చాలక బలం అంటారు. రెండవది బల్బు కొనల మధ్య ఉండే పొటెన్షియల్ భేదం, అంటే మనం మామూలుగా వోల్టేజి అనేది. ఈ రెండింటి మధ్య తేడా ఎక్కడికి పోతుందో లెక్క కట్టి చూపే దారిని మనకు ఇచ్చినవాడు జర్మనీకి చెందిన ఒక పాఠశాల ఉపాధ్యాయుడు. ఆయన పేరు జార్జి సైమన్ ఓమ్. ఈ పాఠంలో ఆయన జీవితాన్నీ, ఆయన చేసిన పనినీ కలిపి తెలుసుకుందాం.

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:

• ఓమ్ జీవితంలోని ముఖ్య ఘట్టాలను చెప్పగలుగుతారు.
• 1826లో ఆయన చేసిన ప్రయోగాన్ని వివరించగలుగుతారు.
• విద్యుచ్చాలక బలానికీ, వోల్టేజికీ మధ్య గల తేడాను గుర్తించగలుగుతారు.
• అంతర్నిరోధం వల్ల వోల్టేజి ఎంత తగ్గుతుందో లెక్క కట్టగలుగుతారు.

1. తండ్రి దగ్గర చదువు

ఓమ్ 1789 మార్చి 16న ఎర్లాంగెన్ అనే పట్టణంలో పుట్టాడు. ఈ పట్టణం ఇప్పటి జర్మనీలోని బవేరియా రాష్ట్రంలో ఉంది. తండ్రి తాళాలు చేసే పనివాడు. తల్లి ఒక దర్జీ కూతురు. వారికి ఏడుగురు పిల్లలు పుట్టినా, పెరిగి పెద్దవారైనది ముగ్గురే. జార్జి, అతని తమ్ముడు మార్టిన్, ఒక చెల్లెలు. జార్జికి పదేళ్ళ వయసులో తల్లి కూడా చనిపోయింది.

తండ్రి పెద్దగా బడికి వెళ్ళి చదువుకున్నవాడు కాదు. కానీ పని ముగిశాక పుస్తకాలు ముందు పెట్టుకుని గణితం, విజ్ఞానశాస్త్రం తనంతట తానే నేర్చుకున్నాడు. నేర్చుకున్నదాన్ని కొడుకులిద్దరికీ తానే చెప్పాడు. జార్జి పదకొండేళ్ళ వయసు నుంచి పదిహేనేళ్ళ వరకు పట్టణంలోని ఉన్నత పాఠశాలలో చదివాడు. అక్కడ విజ్ఞానశాస్త్ర బోధన చాలా తక్కువ. ఇంట్లో తండ్రి చెప్పిన గణితమే అతనికి గట్టి పునాది అయింది. ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పే లాంగ్స్‌డార్ఫ్ అనే ఆచార్యుడు ఈ కుర్రవాడిని పరీక్షించి ఆశ్చర్యపోయాడు. గణితంలో పేరు పొందిన బెర్నౌలీ సోదరులతో ఈ అన్నదమ్ములను పోల్చాడు.

తండ్రి పనిశాలలో జార్జికి మరొకటి కూడా అబ్బింది. అది చేతిపని. లోహాన్ని కొలత ప్రకారం కోయడం, అరగదీయడం, అమర్చడం అతనికి బాగా తెలుసు. తరువాతి కాలంలో ప్రయోగాలకు కావలసిన పరికరాలను తయారు చేసుకోవడంలో ఈ నేర్పు ఆయనకు బాగా ఉపయోగపడింది.

1805లో జార్జి విశ్వవిద్యాలయంలో చేరాడు. కానీ అక్కడ చదువు కంటే నాట్యం, బిలియర్డ్స్, మంచుమీద జారే ఆట అతన్ని ఎక్కువగా ఆకర్షించాయి. తనకు దక్కని అవకాశాన్ని కొడుకు పాడుచేసుకుంటున్నాడని తండ్రికి కోపం వచ్చింది. ఏడాదిన్నరలోనే చదువు ఆగిపోయింది. 1806లో జార్జిని స్విట్జర్లాండులోని ఒక బడికి గణితం చెప్పడానికి పంపించారు. అప్పటికి అతనికి పదిహేడేళ్ళు.

అక్కడ ఉండగా అతనికి మళ్ళీ చదువు మీద మనసు మళ్ళింది. ఈలోగా లాంగ్స్‌డార్ఫ్ హైడెల్‌బర్గ్‌కు మారాడు. ఆయన దగ్గరకు వచ్చి చదువుకుంటానని జార్జి కోరాడు. అయిలర్, లాప్లాస్, లాక్రాయి వంటి గణితవేత్తల గ్రంథాలను స్వయంగా చదువుకోవడమే మేలని లాంగ్స్‌డార్ఫ్ సలహా ఇచ్చాడు. జార్జి కొంత అయిష్టంగానే ఒప్పుకున్నాడు. బడిలో, ఆ తర్వాత ఇళ్ళలో పాఠాలు చెప్పుకుంటూ, మిగిలిన వేళల్లో ఆ గ్రంథాలు చదివాడు. 1811లో ఎర్లాంగెన్‌కు తిరిగి వచ్చి, అదే ఏడాది అక్టోబరులో డాక్టరేటు పట్టా పొందాడు.

2. నిలకడలేని ఉద్యోగాలు

పట్టా వచ్చినా బతుకు తేలిక కాలేదు. విశ్వవిద్యాలయంలో కొద్దికాలం పాఠాలు చెప్పాడు గాని, ఆ రాబడి చాలలేదు. 1813లో బాంబెర్గ్ పట్టణంలో ఒక చిన్న బడిలో చేరాడు. 1816లో ఆ బడి మూతపడింది. అదే పట్టణంలో మరో బడిలో గణితం చెప్పడానికి నియమించారు. అక్కడా ఆయనకు తృప్తి లేదు. ఆ రోజుల్లోనే రేఖాగణితం బోధించే తీరు మీద ఒక పుస్తకం రాశాడు. 1817లో అది అచ్చయింది. దాని ప్రతిని ప్రష్యా రాజుకు పంపించాడు. ఆ ఏడాదే కొలోన్ నగరంలోని పాఠశాలలో గణితం, భౌతికశాస్త్రం బోధించే ఉద్యోగం దొరికింది.

కొలోన్ పాఠశాలలో మంచి ప్రయోగశాల ఉంది. 1820లో డెన్మార్కు శాస్త్రవేత్త అయిర్‌స్టెడ్ ఒక విషయం ప్రకటించాడు. విద్యుత్తు ప్రవహిస్తున్న తీగ దగ్గర ఉంచిన అయస్కాంత సూచి పక్కకు తిరుగుతుందన్నదే ఆ విషయం. యూరపు అంతటా శాస్త్రవేత్తల దృష్టి దీనిమీద పడింది. ఓమ్ దృష్టి కూడా పడింది. విద్యుత్తు ఎక్కువైతే సూచి ఎక్కువ తిరుగుతుంది, తక్కువైతే తక్కువ తిరుగుతుంది. అంటే ప్రవాహాన్ని కొలవడానికి ఒక సాధనం దొరికినట్లే.

3. ఆనాటికి తెలిసినది, తెలియనిది

ఇటలీ శాస్త్రవేత్త వోల్టా 1800లో మొదటి విద్యుత్ బ్యాటరీని ప్రకటించాడు. రెండు వేర్వేరు లోహాల బిళ్ళలను, వాటి మధ్య ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలను ఒకదానిమీద ఒకటి పేర్చి దానిని తయారు చేశాడు. విద్యుత్తును కదిలించే గుణానికి విద్యుచ్చాలక బలం అనే అర్థం వచ్చే పేరు పెట్టిందీ ఆయనే.

కానీ ఒక తీగలో ఎంత విద్యుత్తు ప్రవహిస్తుందో ముందుగా చెప్పే సూత్రం ఎవరికీ తెలియదు. తీగ పొడవైతే ఏమవుతుంది? సన్ననిదైతే ఏమవుతుంది? బ్యాటరీ శక్తి ఎంత, తీగ అడ్డుకునేది ఎంత? ప్రవాహం, బలం, నిరోధం అనే మూడు మాటలకూ విడివిడిగా స్పష్టమైన అర్థం ఇంకా ఏర్పడలేదు. ఒకదాన్ని మరొకటిగా పొరబడటం మామూలుగా ఉండేది.

పాఠ్యగత ప్రశ్నలు – 1

1. ఓమ్ తండ్రి వృత్తి ఏమిటి?
2. లాంగ్స్‌డార్ఫ్ ఓమ్‌కు ఇచ్చిన సలహా ఏమిటి?
3. అయిర్‌స్టెడ్ కనుగొన్న విషయం ఓమ్‌కు ఎలా ఉపయోగపడింది?

4. మొదటి ప్రయత్నం, ఒక పొరపాటు

ఓమ్ మొదట రసాయన బ్యాటరీతోనే ప్రయోగాలు చేశాడు. వేర్వేరు పొడవుల తీగలు కలిపి, ప్రవాహం ఎలా తగ్గుతుందో కొలిచాడు. 1825లో ఫలితాలు ప్రకటించాడు. అందులో ఇచ్చిన సూత్రం సరైనది కాదు.

కారణం ఆయన కొలతల్లో లేదు, బ్యాటరీలో ఉంది. ఆనాటి బ్యాటరీలు నిలకడగా పనిచేసేవి కావు. వలయం మూయగానే బలం పడిపోయేది, తెరిస్తే కొంత పుంజుకునేది. కొలిచే తక్కెడే ఊగిసలాడుతుంటే సరుకు బరువు సరిగా ఎలా తెలుస్తుంది?

ఒక శాస్త్ర పత్రికకు సంపాదకుడైన పోగెన్‌డార్ఫ్ దీనికి ఉపాయం చెప్పాడు. రసాయన బ్యాటరీకి బదులు ఉష్ణయుగ్మాన్ని వాడమన్నాడు. రెండు వేర్వేరు లోహాలను రెండు చోట్ల కలిపి, ఒక కలయికను వేడిగానూ మరొకదాన్ని చల్లగానూ ఉంచితే విద్యుత్తు పుడుతుంది. దీనిని జర్మన్ శాస్త్రవేత్త సీబెక్ అంతకు కొన్నేళ్ళ ముందే కనుగొన్నాడు. ఉష్ణోగ్రతలు మారనంత కాలం ఉష్ణయుగ్మం బలం కూడా మారదు.

తన పని తప్పుదారి పట్టిందని తెలిసినప్పుడు ఓమ్ దాన్ని సమర్థించుకుంటూ కూర్చోలేదు. ప్రయోగం మొత్తాన్ని మళ్ళీ మొదటి నుంచి చేశాడు.

5. 1826 నాటి ప్రయోగం

ఓమ్ బిస్మత్, రాగి లోహాలతో ఉష్ణయుగ్మాన్ని తయారు చేశాడు. ఒక కలయికను మరుగుతున్న నీటిలోనూ, రెండవ దాన్ని కరుగుతున్న మంచులోనూ ఉంచాడు. మరుగుతున్న నీరు, కరుగుతున్న మంచు తమ ఉష్ణోగ్రతలను మార్చుకోవు కాబట్టి బలం నిలకడగా ఉంటుంది.

ప్రవాహాన్ని కొలవడానికి సన్నని బంగారు పట్టీకి ఒక అయస్కాంత సూచిని వేలాడదీశాడు. ప్రవాహం వల్ల సూచి పక్కకు తిరుగుతుంది. దాన్ని మళ్ళీ మొదటి స్థానానికి తేవడానికి పట్టీని ఎంత మెలిపెట్టాలో చూశాడు. మెలి ఎంత ఎక్కువైతే ప్రవాహం అంత ఎక్కువ.

ఒకే మందం గల ఎనిమిది రాగి తీగలను తీసుకుని, ఒకదాని తర్వాత ఒకటి వలయంలో కలిపాడు. 1826 జనవరిలో ఆయన నమోదు చేసిన ఒక వరుస ఇది:

తీగ పొడవు 2 అంగుళాలు: మెలి విలువ 326¾
తీగ పొడవు 4 అంగుళాలు: మెలి విలువ 300¾
తీగ పొడవు 6 అంగుళాలు: మెలి విలువ 277¾
తీగ పొడవు 10 అంగుళాలు: మెలి విలువ 238¼
తీగ పొడవు 18 అంగుళాలు: మెలి విలువ 190¾
తీగ పొడవు 34 అంగుళాలు: మెలి విలువ 134½
తీగ పొడవు 66 అంగుళాలు: మెలి విలువ 83¼
తీగ పొడవు 130 అంగుళాలు: మెలి విలువ 48½

ఈ అంకెలను నిదానంగా చూడండి. తీగ 2 అంగుళాల నుంచి 4 అంగుళాలకు పెరిగింది, అంటే రెట్టింపు అయింది. ప్రవాహం సగానికి తగ్గిందా? లేదు. 326¾ నుంచి 300¾కు మాత్రమే తగ్గింది. అదే 66 నుంచి 130కి, అంటే దాదాపు రెట్టింపుకు పెంచినప్పుడు, 83¼ నుంచి 48½కు పడిపోయింది. ఇది సగానికి దగ్గరగా ఉంది. ఎందుకిలా?

బయటి తీగ ఒక్కటే ప్రవాహాన్ని అడ్డుకోవడం లేదని ఓమ్ గ్రహించాడు. ఉష్ణయుగ్మం కూడా, దాన్ని కలిపే భాగాలు కూడా కొంత అడ్డుకుంటున్నాయి. ఆ అడ్డంకి ఎప్పుడూ వలయంలో ఉండనే ఉంటుంది. బయటి తీగ పొట్టిగా ఉన్నప్పుడు మొత్తంలో దాని వాటా చిన్నది, కాబట్టి దాన్ని రెట్టింపు చేసినా పెద్ద తేడా రాదు. తీగ పొడవుగా ఉన్నప్పుడు దాని వాటాయే పెద్దది.

దీన్ని ఆయన ఇలా సూత్రంగా రాశాడు:

ప్రవాహం = ఎ ÷ (బి + తీగ పొడవు)

ఇక్కడ ఎ అనేది వలయంలో విద్యుత్తును కదిలించే బలం. బి అనేది బయటి తీగ కాక, వలయంలోని మిగతా భాగాల అడ్డంకి. పై కొలతలకు ఎ విలువ 7285, బి విలువ 20¼ అని ఓమ్ లెక్క కట్టాడు. అంటే మిగతా భాగాలన్నీ కలిసి, అదే రకం తీగ 20¼ అంగుళాలు అడ్డుకున్నంత అడ్డుకుంటున్నాయి.

సూత్రం సరైనదేమో మనమే చూద్దాం. తీగ పొడవు 34 అంగుళాలు అనుకోండి. 20¼ + 34 = 54¼. ఇప్పుడు 7285ను 54¼తో భాగిస్తే సుమారు 134.3 వస్తుంది. ఓమ్ కొలిచినది 134½.

ఆయన మరొక పరీక్ష కూడా చేశాడు. వేడి కలయికను మరిగే నీటిలో కాక మామూలు గది వేడిమిలో ఉంచాడు. ప్రవాహం బాగా తగ్గిపోయింది. ఎ విలువ పడిపోయింది. కానీ బి మాత్రం అదే 20¼గా ఉండిపోయింది. కదిలించేది వేరు, అడ్డుకునేది వేరు అని దీనితో స్పష్టమైంది. ఒకదాన్ని మార్చినా రెండవది మారలేదు.

6. విద్యుచ్చాలక బలం, వోల్టేజి

ఓమ్ సూత్రాన్ని ఇప్పుడు మనం వాడే మాటల్లో ఇలా రాస్తాం:

విద్యుత్ ప్రవాహం = విద్యుచ్చాలక బలం ÷ (అంతర్నిరోధం + బాహ్య నిరోధం)

ప్రవాహాన్ని ఆంపియర్లలోనూ, విద్యుచ్చాలక బలాన్ని వోల్టులలోనూ, నిరోధాన్ని ఓములలోనూ కొలుస్తాం.

విద్యుచ్చాలక బలం అనే పేరులో బలం అనే మాట ఉన్నా, ఇది తోసే బలమో లాగే బలమో కాదు. ఇది శక్తికి సంబంధించిన కొలత. ఒక కూలుంబు ఆవేశం వలయమంతా ఒకసారి తిరగడానికి ఘటం అందించే శక్తినే ఆ ఘటం విద్యుచ్చాలక బలం అంటారు. 1.5 వోల్టుల సెల్లు ప్రతి కూలుంబుకు 1.5 జౌళ్ళ శక్తిని అందిస్తుంది.

ఈ శక్తి అంతా బల్బుకు చేరదు. కొంత ఘటం లోపలే ఖర్చవుతుంది. ఒక కూలీకి రోజుకు 150 రూపాయల కూలి వచ్చి, బస్సు ఛార్జీకి 25 రూపాయలు పోతే, ఇంటికి చేరేది 125 రూపాయలే. కూలి విద్యుచ్చాలక బలం వంటిది. బస్సు ఛార్జీ ఘటం లోపల జరిగే నష్టం వంటిది. ఇంటికి చేరిన డబ్బు బల్బుకు అందే వోల్టేజి వంటిది. ఒక్క తేడా గుర్తుంచుకోండి. బస్సు ఛార్జీ ఎప్పుడూ ఒకటే, కానీ ఘటం లోపలి నష్టం ప్రవాహం పెరిగినకొద్దీ పెరుగుతుంది.

ఓమ్ కొలతల్లోనే దీన్ని చూడవచ్చు. బయట 2 అంగుళాల తీగ ఉన్నప్పుడు మొత్తం అడ్డంకి 22¼. అందులో తీగ వాటా 2 మాత్రమే. కాబట్టి మొత్తం బలంలో నూటికి 9 వంతులు మాత్రమే బయటి తీగ కొనల మధ్య ఉంటుంది. 130 అంగుళాల తీగ ఉన్నప్పుడు మొత్తం 150¼లో తీగ వాటా 130, అంటే నూటికి సుమారు 86 వంతులు. విద్యుచ్చాలక బలం మారలేదు. బయటి తీగకు దక్కిన వోల్టేజి మారింది.

ఇప్పుడు మన టార్చిలైటుకు వద్దాం. లెక్క తేలికగా ఉండటానికి బల్బు నిరోధం 2.5 ఓములు అనీ, అది మారదనీ అనుకుందాం.

కొత్త సెల్లు: విద్యుచ్చాలక బలం 1.5 వోల్టులు, అంతర్నిరోధం 0.5 ఓము అనుకోండి.
మొత్తం నిరోధం = 0.5 + 2.5 = 3 ఓములు
ప్రవాహం = 1.5 ÷ 3 = 0.5 ఆంపియరు
బల్బుకు అందే వోల్టేజి = 0.5 × 2.5 = 1.25 వోల్టులు

పాత సెల్లు: విద్యుచ్చాలక బలం 1.4 వోల్టులు, అంతర్నిరోధం 4.5 ఓములు అనుకోండి.
మొత్తం నిరోధం = 4.5 + 2.5 = 7 ఓములు
ప్రవాహం = 1.4 ÷ 7 = 0.2 ఆంపియరు
బల్బుకు అందే వోల్టేజి = 0.2 × 2.5 = 0.5 వోల్టు

మిగిలిన 0.9 వోల్టు సెల్లు లోపలే ఖర్చయింది. అందుకే బల్బు వెలగలేదు. మరి మీటరు 1.4 వోల్టులు ఎందుకు చూపింది? మంచి మీటరు దాదాపు ప్రవాహమే తీసుకోదు. ప్రవాహం లేనప్పుడు లోపలి నష్టం ఉండదు. కాబట్టి ఏమీ కలపని సెల్లు కొనల మధ్య మీటరు చూపేది ఇంచుమించు విద్యుచ్చాలక బలమే. ఎండలో పెట్టిన సెల్లు కాసేపు మళ్ళీ వెలగడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. వేడికి లోపలి రసాయన చర్య కొంత చురుకై, అంతర్నిరోధం కొంత తగ్గుతుంది. అయితే ఆ మేలు ఎక్కువసేపు నిలవదు.

చేసి చూడండి

ఒక పాత టార్చి సెల్లు, ఒక చిన్న బల్బు, రెండు తీగ ముక్కలు, ఒక మల్టీమీటరు తీసుకోండి. ముందు సెల్లు కొనల మధ్య వోల్టేజిని చూసి రాసుకోండి. తర్వాత బల్బును కలిపి, అది కలిసి ఉండగానే మళ్ళీ చూడండి. రెండు విలువల తేడాయే సెల్లు లోపలి నష్టం. ఈ పని టార్చి సెల్లుతో మాత్రమే చేయండి. ఇంటి కరెంటుతో ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి.

పాఠ్యగత ప్రశ్నలు – 2

4. ఓమ్ రసాయన బ్యాటరీని వదిలి ఉష్ణయుగ్మాన్ని ఎందుకు వాడాడు?
5. తీగ పొడవు 18 అంగుళాలైతే ఓమ్ సూత్రం ప్రకారం మెలి విలువ ఎంత రావాలి?
6. విద్యుచ్చాలక బలం 2 వోల్టులు, అంతర్నిరోధం 1 ఓము గల ఘటానికి 4 ఓముల నిరోధం కలిపితే, ఆ నిరోధం కొనల మధ్య వోల్టేజి ఎంత?

7. పుస్తకం, నిరాదరణ

ప్రయోగ ఫలితాలు 1826లోనే అచ్చయ్యాయి. వాటి వెనుక ఉన్న సిద్ధాంతాన్ని వివరించడానికి ఓమ్ ఒక ఏడాది సెలవు తీసుకున్నాడు. సెలవులో సగం జీతమే. బెర్లిన్‌లో ఉన్న తమ్ముడు మార్టిన్ దగ్గరకు వెళ్ళి పుస్తకం రాశాడు. మార్టిన్ అప్పటికే గణితవేత్త. విద్యుత్ వలయాన్ని గణితరీతిలో వివరించే ఆ పుస్తకం 1827లో బెర్లిన్‌లో వెలువడింది.

ఫ్రెంచి గణితవేత్త ఫోరియర్ ఉష్ణప్రసారంపై చేసిన పని ఓమ్‌కు దారి చూపింది. ఉష్ణం ఎక్కువ వేడి ఉన్న చోటు నుంచి తక్కువ వేడి ఉన్న చోటికి పారుతుంది. రెండు చోట్ల వేడిమి సమానమైతే ప్రసారం ఆగిపోతుంది. విద్యుత్తు కూడా ఇలాగే తీగలోని రెండు బిందువుల మధ్య ఒక తేడా ఉన్నప్పుడే ప్రవహిస్తుందని ఓమ్ చెప్పాడు. ఈ తేడానే నేడు మనం పొటెన్షియల్ భేదం అంటున్నాం. అయితే ఆ తేడా నిజంగా దేనిలోని తేడా అన్నది ఓమ్‌కు పూర్తిగా స్పష్టం కాలేదు. అది విద్యుత్తు సాంద్రతలోని తేడా అని ఆయన భావించాడు. అది పొటెన్షియల్‌లోని తేడా అని 1849లో కిర్కాఫ్ అనే జర్మన్ శాస్త్రవేత్త సరిచేశాడు. ఓమ్ కనుగొన్న సూత్రం మాత్రం చెక్కు చెదరలేదు.

ఈ పుస్తకంతో తనకు విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వస్తుందని ఓమ్ ఆశించాడు. ఆ ఆశ నెరవేరలేదు. ఆనాటి జర్మనీలో ప్రయోగాలు చేసే చాలామందికి అంత గణితం అలవాటు లేదు. పుస్తకం గణితంతో నిండి ఉండటం వల్ల, దాని వెనుక ఉన్న కొలతలు వారి కంటబడలేదు. బెర్లిన్‌లో పోల్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు దాన్ని తీవ్రంగా విమర్శించాడు.

మనసు గాయపడిన ఓమ్ 1828లో కొలోన్ ఉద్యోగానికి రాజీనామా చేశాడు. అప్పటికి ఆయన వయసు 39 ఏళ్ళు. తర్వాత అయిదేళ్ళు బెర్లిన్‌లోని సైనిక పాఠశాలలో వారానికి కొద్ది గంటలు గణితం చెబుతూ గడిపాడు. 1833లో న్యూరెంబర్గ్ నగరంలోని పాలిటెక్నిక్ పాఠశాలలో ఉద్యోగం దొరికింది. నిలకడైన ఉద్యోగమే గాని, ఆయన కోరుకున్నది అది కాదు.

8. ఆలస్యంగా వచ్చిన గుర్తింపు

ఓమ్ సూత్రాన్ని నిలబెట్టింది పొగడ్తలు కావు, కొలతలు. లైప్జిగ్ నగరంలో ఫెక్నర్, రష్యాలో లెంజ్, ఫ్రాన్సులో పుయే వంటివారు ఎవరికి వారు ప్రయోగాలు చేసి చూశారు. ప్రతిచోటా సూత్రం నిలిచింది. 1841లో లండన్‌లోని రాయల్ సొసైటీ ఓమ్‌కు కోప్లే పతకం ఇచ్చింది. ఆ సంస్థ ఇచ్చే గౌరవాల్లో అది చాలా గొప్పది. అదే సంవత్సరం ఆయన పుస్తకం ఇంగ్లీషులోకి అనువాదమైంది. మరుసటి ఏడాది రాయల్ సొసైటీ ఆయనను విదేశీ సభ్యునిగా ఎన్నుకుంది.

ఇంగ్లండుకు చెందిన కావెండిష్ అనే శాస్త్రవేత్త ఓమ్ కంటే సుమారు నలభై అయిదేళ్ళ ముందే ఇటువంటి ఫలితాన్ని చేరుకున్నాడు. కానీ దాన్ని ప్రకటించలేదు. మాక్స్‌వెల్ ఆ కాగితాలను పరిష్కరించి 1879లో అచ్చు వేయించిన తర్వాతే లోకానికి తెలిసింది. తెలుసుకున్నదాన్ని పదిమందికీ చెప్పి, విమర్శకు నిలబడినవాడు ఓమ్. అందుకే సూత్రానికి ఆయన పేరు వచ్చింది.

1849లో ఓమ్ మ్యూనిక్‌కు వెళ్ళాడు. అక్కడి విజ్ఞాన అకాడమీ పరికరాల సంరక్షణ చూస్తూ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. 1852లో భౌతికశాస్త్ర ఆచార్య పదవి లభించింది. పాతికేళ్ళకు పైగా ఆయన ఎదురు చూసిన పదవి అది. అప్పటికి ఆయనకు 63 ఏళ్ళు. రెండేళ్ళు మాత్రమే ఆ పదవిలో ఉండి, 1854 జులై 6న మ్యూనిక్‌లో మరణించాడు. ఆయన పెళ్ళి చేసుకోలేదు.

1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ నిరోధానికి ప్రమాణంగా ఓమ్‌ను, విద్యుచ్చాలక బలానికి ప్రమాణంగా వోల్టును ఆమోదించింది. బడిలో గణితం చెప్పిన ఓమ్ పేరూ, మొదటి బ్యాటరీ చేసిన వోల్టా పేరూ ఒకే లెక్కలో పక్కపక్కన చేరాయి. రేడియో లోపలి విడిభాగాల పట్టికలో గ్రీకు అక్షరం ఒమేగా కనిపిస్తే, అది ఓమ్ గుర్తు అని తెలుసుకోండి.

మీరు ఏం నేర్చుకున్నారు

• తండ్రి ఇంట్లో చెప్పిన గణితం, పనిశాలలో అబ్బిన చేతిపని, స్వయంగా చదివిన గ్రంథాలు ఓమ్‌కు పునాది అయ్యాయి.
• 1825లో వచ్చిన తప్పును గుర్తించి, 1826లో ఉష్ణయుగ్మంతో ప్రయోగాన్ని మళ్ళీ చేసి సరైన సూత్రం కనుగొన్నాడు.
• విద్యుచ్చాలక బలం అంటే ప్రతి కూలుంబుకు ఘటం అందించే మొత్తం శక్తి. వలయంలోని ఒక భాగం కొనల మధ్య వోల్టేజి అంటే అందులో ఆ భాగానికి దక్కిన వాటా.
• ప్రవాహం ఉన్నప్పుడు ఘటం కొనల మధ్య వోల్టేజి విద్యుచ్చాలక బలం కంటే తక్కువగా ఉంటుంది. ఆ తేడా అంతర్నిరోధం వద్ద ఖర్చవుతుంది.

పాఠాంత ప్రశ్నలు

1. ఓమ్ 1826లో చేసిన ప్రయోగాన్ని మీ సొంత మాటల్లో వివరించండి.
2. ఉష్ణయుగ్మం వేడిమిని మార్చినప్పుడు ఎ మారింది, బి మారలేదు. దీని నుంచి ఓమ్ ఏం తెలుసుకున్నాడు?
3. ట్రాక్టరు బ్యాటరీకి మీటరు పెడితే 12 వోల్టులు చూపుతోంది. ఇంజను స్టార్టు చేయబోతే మాత్రం కదలడం లేదు. బ్యాటరీ పాతబడి ఉంటే దీనికి కారణం ఏమై ఉంటుంది?
4. ఓమ్ పుస్తకానికి వెంటనే ఆదరణ లభించకపోవడానికి కారణాలు రాయండి.

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

1. తాళాలు చేయడం.
2. గొప్ప గణితవేత్తల గ్రంథాలను స్వయంగా చదువుకోమని సలహా ఇచ్చాడు.
3. సూచి తిరుగుడును బట్టి విద్యుత్ ప్రవాహాన్ని కొలవడానికి వీలైంది.
4. రసాయన బ్యాటరీ బలం నిలకడగా ఉండదు. ఉష్ణోగ్రతలు మారనంత కాలం ఉష్ణయుగ్మం బలం నిలకడగా ఉంటుంది.
5. 7285 ÷ 38¼ = సుమారు 190.5. ఓమ్ కొలిచినది 190¾.
6. ప్రవాహం = 2 ÷ 5 = 0.4 ఆంపియరు. వోల్టేజి = 0.4 × 4 = 1.6 వోల్టులు. మిగిలిన 0.4 వోల్టు ఘటం లోపల ఖర్చవుతుంది.